వద్దన్నవాడే దారి చూపాలి

ఆ ఉదయం రేడియో మాస్టారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కాఫీ తాగడం, పదింటికి కంప్యూటరు ముందు కూర్చుని ఒక ప్రతిపాదనను ఓడించడం, మళ్ళీ కాఫీ తాగడం.

కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే ఆయనకు ఆ పేరు పెట్టింది భవనంలోని ఇరుగుపొరుగువారే. ఆ ఇంటి బాల్కనీలో బట్టలకన్నా యాంటెన్నాలే ఎక్కువగా ఎండుతుంటాయి మరి. ఆయనా, ఆయనలాంటి మరికొందరూ ఒక సంఘంగా చేరి రేడియో సాఫ్ట్‌వేర్ ఒకటి తయారుచేశారు. గాలిలో తిరిగే సంకేతాలను పట్టి కంప్యూటరులో దాచడం, కావాలంటే మళ్ళీ గాలిలోకి వదలడం దాని పని. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూడవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. మాస్టారికి అది కన్నబిడ్డకన్నా ఎక్కువని భార్య అంటుంది. కన్నబిడ్డ హాస్టల్లో ఉంది కాబట్టి సరిపోల్చి చూసే వీలు లేకపోయింది.

చిక్కల్లా ఒకటే. ఈ సాఫ్ట్‌వేర్ దాచిన రికార్డింగులు పెద్ద కంపెనీలు అమ్మే ఇంజనీరింగ్ టూల్స్‌లో తెరుచుకోవు. ఆ టూల్స్‌కి లైసెన్సు కొనాలి, కొన్నా లోపల ఏముందో చూపించరు. రెంటికీ మధ్య వంతెనలాంటి చిన్న ప్రోగ్రామును సంఘంలో ఎవరో రాసిపెట్టారు. దాన్ని చేర్చుకోవాలా వద్దా అన్నదానిపైనే ఆ రోజు ఓటింగు. వద్దనే పక్షానికి మాస్టారే నాయకుడు. ఆ పక్షంలో మరొకరు లేకపోవడంవల్ల నాయకత్వానికి పోటీ రాలేదు.

అయితే సంఘంలో ఒక ఆచారం ఉంది. దేన్నయినా వద్దన్నవాడు, అదే పని జరిగే మరో దారిని అందరి ముందూ చేసి చూపించాలి. ఉత్తినే తల అడ్డంగా ఊపితే కుదరదు. ఈ ఆచారం పెట్టించింది కూడా మాస్టారే.

"ఏమండీ, దొరికిందండీ! నిన్న మధ్యాహ్నం మోగిన బెల్లు మీ రికార్డింగులో దొరికింది!" అని డైనింగ్ టేబుల్ దగ్గరనుంచి భార్య కేక వేసింది.

ఆవిడ ఆసుపత్రుల కోసం వైర్‌లెస్ బెల్లులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. మంచం మీద రోగి బటన్ నొక్కితే నర్సు దగ్గర మోగుతుంది. అదే రకం బెల్లులను ఆఫీసు తగ్గింపు ధరకు తమ భవనంలో అన్ని ఫ్లాట్లకూ పెట్టించింది కూడా ఆవిడే. కొన్నాళ్ళుగా ఆవిడను ఒక అనుమానం పీడిస్తోంది. ప్రతి బటనూ తన నంబరును గాలిలోకి పంపుతుంది, ఆ నంబరు తనదైన బెల్లే మోగాలి. కానీ బటన్‌లో బ్యాటరీ నీరసిస్తే ఆ నంబరు సగం విరిగి బయటికి వస్తోంది, ఆ విరిగిన నంబరును ప్రతి బెల్లూ తనదే అనుకుంటోంది. మేనేజరు నమ్మలేదు. పక్కింటి బెల్లు మోగితే మనదే అనుకోవడం మానవ సహజమని తేల్చేశాడు. ఆ రోజు పదింటికి వీడియో కాల్‌లో సాక్ష్యం చూపించకపోతే బెల్లులు లారీ ఎక్కి ఆసుపత్రికి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత ఒక మంచం మీద ఎవరో ఊపిరాడక బటన్ నొక్కితే, నర్సు ఇంకో మంచం దగ్గరికి పరుగెడుతుంది. ఆ ఊహకే ఆవిడకు సరిగా నిద్ర పట్టడం లేదు.

"పై అంతస్తువాళ్ళ బటన్ నొక్కితే మన బెల్లు మోగింది చూశారూ, అదే ఇది. వాళ్ళు బ్యాటరీ కూడా మార్చేశారు, ఇక మళ్ళీ మోగదు. ఆ వంతెన ప్రోగ్రాము మీ కంప్యూటర్లో వేసి, ఈ ఫైలు మార్చివ్వండి. మా ఆఫీసు టూల్‌లో తెరిచి చూపిస్తేనే మా సార్ ఒప్పుకుంటారు."

మాస్టారు కాఫీ కప్పు కింద పెట్టారు. "ఏ వంతెన?"

"మీరు వద్దంటున్న వంతెనే."

"కాసేపట్లో నలుగురిలో వద్దనబోయేదాన్ని ఇప్పుడు ఇంట్లో వాడుకోమంటావా?"

"నలుగురికీ చెప్పకండి."

"నా అంతరాత్మకి తెలుస్తుంది కదా!"

"మీ అంతరాత్మకి నేను నచ్చజెప్తాను. ముందు పాస్‌వర్డ్ కొట్టండి."

"అది కాదే. ఇవాళ వాళ్ళ టూల్‌కి మనం దారి వేస్తాం. రేపు వాళ్ళు తాళం మార్చేస్తారు. ఎల్లుండి నుంచి వాళ్ళ గుమ్మం ముందు నిలబడి తాళంచెవి అడుక్కోవాల్సింది మనమే."

"నేను అడిగేది వాళ్ళ కోసం కాదండీ, నా కోసం. ఆ టూల్ నేనేమన్నా ముచ్చటపడి కొనుక్కున్నానా? ఆఫీసులో ఉన్నది అదే. మీ సాఫ్ట్‌వేర్ అందరిదీ అంటారు, ఆ అందర్లో నేను లేనా?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు లేనప్పుడల్లా మాస్టారికి ఐడియా వస్తుంది. ఆ కుటుంబం ఇన్నేళ్ళుగా పడుతున్న పాట్లన్నీ అక్కడ మొదలైనవే.

"ఆగు! మీ టూల్‌కి సొంత రిసీవరు ఉంది కదా? ఈ రికార్డింగుని నా సాఫ్ట్‌వేర్ గాల్లోకి వదుల్తుంది. నీ రిసీవరు గాల్లోంచి పట్టుకుంటుంది. రెండూ ఒకదాన్నొకటి ముట్టుకోవు. గాలికి లైసెన్సు లేదు!"

"టేబుల్ ఈ చివరనుంచి ఆ చివరకి పంపడానికి గాలెందుకండీ?"

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని ఆవిడ భావం. మాస్టారు వినే స్థితిలో లేరు. సంఘానికి చూపించాల్సిన మరో దారి కూడా ఇదే కదా! ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని కాపురానికొచ్చిన కొత్తల్లోనే తెలుసుకున్న ఆవిడ, వాదిస్తే ఉన్న కాస్త సమయమూ పోతుందని ఊరుకుంది.

పదింటికి టేబుల్ మీద రెండు కంప్యూటర్లు వెలిగాయి. ఒకదానిలో మేనేజరు, రెండోదానిలో సంఘం సభ్యులు, మధ్యలో వాళ్ళ అధ్యక్షురాలు. రెంటికీ నడుమ ఆ ఇంటి బెల్లు మూత ఊడి, బ్యాటరీలు తీసేసి పడి ఉంది. పరీక్షల కోసం ఆవిడే నిన్న రాత్రి విప్పింది. ఆ భవనంలో మోగడానికి వీల్లేని బెల్లు అదొక్కటే.

మాస్టారు సంకేతం వదిలారు.

"ఏమీ రాలేదండీ."

శక్తి పెంచి మళ్ళీ వదిలారు.

"ఊహూఁ."

మాస్టారు బాల్కనీలోంచి పెద్ద యాంటెన్నా మోసుకొచ్చి కుర్చీకి కట్టారు. శక్తి చివరిదాకా పెంచారు. "ఇప్పుడు కొంచెం వస్తోంది, ఆపకండి!" అంది ఆవిడ. ఆయన ఆపలేదు సరికదా, చెయ్యి నొప్పెడుతోందని దానంతటదే మళ్ళీ మళ్ళీ వదిలేలా అమర్చి కూర్చున్నారు.

బయట భవనంలో చిలికి చిలికి గాలివాన మొదలైంది. పార్సిల్ ఇచ్చే కుర్రాడు ఇంకా మెట్లెక్కుతుండగానే అన్ని అంతస్తుల్లోనూ బెల్లులు మోగి తలుపులు తెరుచుకున్నాయి. ఉద్యోగంలో చేరాక అతనికి అంతటి స్వాగతం ఎక్కడా దొరకలేదు. మరుక్షణమే కాలరూ పట్టుకున్నారు. మూడో అంతస్తులో ఎదురెదురు ఇళ్ళలో ఉండే ప్లీడరు, పళ్ళ డాక్టరమ్మ ఒకేసారి తలుపు తీశారు. చెప్పుల స్టాండు ఎవరి గోడకు ఉండాలన్న తగాదాలో వాళ్ళకి చాలాకాలంగా మాటల్లేవు.

"బెల్లు కొట్టి ఏమీ ఎరగనట్టు నిలబడ్డారేంటి?" అంది డాక్టరమ్మ.

"నేనా? మీరు కొట్టి, నన్నంటారా? ఇది కేసు పెట్టదగ్గ విషయం!"

అపార్ట్‌మెంటు సెక్రటరీ స్నానాలగదిలో ఉన్నాడు. మొదటిసారి తువ్వాలు చుట్టుకుని వచ్చి తలుపు తీశాడు, ఎవరూ లేరు. రెండోసారీ లేరు. మూడోసారి సబ్బు నురగతోనే కారిడారులోకి వచ్చి నిలబడి, ఇక్కడే తేల్చేస్తానన్నాడు. "ఎవరి బటన్ చెడిపోయిందో చూద్దాం. అందరూ ఎవరి బటన్ వాళ్ళు నొక్కండి!" అని ఆజ్ఞాపించాడు. అందరూ నొక్కారు. అప్పటిదాకా ఒక్క సంకేతమే తిరుగుతున్న గాలిలో ఇప్పుడు భవనంలోని బటన్లన్నీ తలో గొంతుతో అరవసాగాయి.

చివరికి ప్లీడరు బుర్రే పనిచేసింది. "అందరి బెల్లులూ మోగుతున్నాయి. రేడియో మాస్టారి ఇంట్లో చప్పుడే లేదు. ఎందుకంటారు?" అన్నాడు. డాక్టరమ్మ ఆయనతో ఏకీభవించింది. అది ఆ రోజు జరిగిన మొదటి వింత.

కాసేపటికి అందరూ మాస్టారి డైనింగ్ టేబుల్ చుట్టూ ఉన్నారు. సెక్రటరీ తువ్వాలు బిగించుకుంటూ, "ఏంటమ్మా ఇది? మీరు పెట్టించిన బెల్లులేగా! నాది మోగుతూనే ఉంది!" అని అరిచాడు.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "నిజంగా? మీది కూడా మోగిందా?"

"మోగిందా అంటావేంటమ్మా! చెవులు చిల్లులు పడ్డాయి!"

"మీదండీ ప్లీడరుగారూ?"

"తెరిపి లేకుండా!"

"కొంచెం గట్టిగా చెప్పండి ప్లీజ్, మా సార్‌కి వినపడాలి!"

తిడుతున్నకొద్దీ ఆవిడ ఆనందం పెరుగుతుంటే జనానికి భయం వేసి, ఒక అడుగు వెనక్కి వేశారు. "చూశారా సార్? విరిగిన నంబరు ఒక్కటి వదిలితే భవనమంతా మోగింది!" అంది ఆవిడ మేనేజరుతో.

మేనేజరు గడ్డం రుద్దుకున్నాడు. "నేను నమ్ముతానమ్మా. కానీ మా పై అధికారులకి తువ్వాలు కట్టుకున్న మనిషిని చూపించి లారీ ఆపమనలేను కదా. నీ టూల్ పట్టినదాంట్లో వంద బటన్ల గోల కలిసిపోయింది. నిన్నటి అసలు ఫైలు శుభ్రంగా కావాలి. ఇప్పుడే కావాలి. కింద సరుకు ఎక్కించేస్తున్నారు."

ఆవిడ ఈసారి మాస్టారిని అడగలేదు. ముందున్న విప్పిన బెల్లు వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ అడిగి ఉంటే మాస్టారు ఇంకొంచెం వాదించేవారేమో. అడగకపోయేసరికి ఆయనకు సిగ్గేసింది. ఎక్కడో ఎవరో మంచం మీద బటన్ పట్టుకుని ఎదురుచూస్తుంటే, తాను మాత్రం గాలికి లైసెన్సు లేదని ఉపన్యాసం ఇస్తున్నట్టు అనిపించింది. కుర్చీ ముందుకు లాక్కుని, సంకేతం వదలడం ఆపేసి, పాస్‌వర్డ్ కొట్టారు.

"మాస్టారూ," రెండో కంప్యూటరులోంచి అధ్యక్షురాలు పిలిచింది, "మీరిప్పుడు వేస్తున్నది…"

"ఆ వంతెనేనండి" అన్నారు ఆయన తల ఎత్తకుండా.

ఫైలు మారింది. ఆవిడ టూల్‌లో ఠక్కున తెరుచుకుంది. సగం పళ్ళు ఊడిన దువ్వెనలాగా ఆ నంబరు తెర మీద కనిపించింది. మేనేజరు రెప్ప వేయకుండా చూసి, ఒక్కసారిగా పక్కకి తిరిగి, "లారీ ఆపండి! దించేయండి!" అని కేక పెట్టాడు. ఆవిడ ఏడ్చేసింది. ఎందుకో తెలియకపోయినా డాక్టరమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది, ప్లీడరు తన రుమాలు ఇచ్చాడు.

"ఓటింగుకి ముందు మాస్టారి అభ్యంతరం రాసుకోవాలి" అంది అధ్యక్షురాలు. "వేరే దారి చూపించారు, అదీ పనిచేసిందనే చెప్పాలి. కాకపోతే వాడుకునేవాళ్ళకి ఒక భవనం, ఒక సెక్రటరీగారు, ఒక తువ్వాలు కావాలి."

"అభ్యంతరం లేదండి. కానీ ఒక్క మాట. ఆ వంతెన విడిగానే ఉండాలి. కావాల్సినవాళ్ళు వేసుకుంటారు. తలుపు పెడదాం, గడియ మాత్రం మనవైపు ఉండాలి."

ప్రతిపాదన ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా గెలిచింది. వంతెన ఎలా వాడాలో వివరంగా రాసే పని కూడా మాస్టారికే అప్పగించారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రెండు చోట్లా ఒకేసారి ఓడిపోవడం గురించి వాళ్ళేమీ చెప్పలేదు.

సెక్రటరీ తీర్పు వేరే ఉంది. మాస్టారు ప్రతి గుమ్మానికీ వెళ్ళి స్వయంగా క్షమాపణ చెప్పుకోవాలి. ఆయన బయల్దేరాక, ఆవిడ టేబుల్ సర్దుతూ తన రిసీవరు పక్కన ఒక చిన్న అట్టపెట్టె చూసింది. రిసీవరుకి బిగించాల్సిన యాంటెన్నా అందులోనే ఉంది, కవరు కూడా చించలేదు. ఆవిడ అటూ ఇటూ చూసి, దాన్ని మెల్లగా సొరుగులో పెట్టేసింది. తర్వాత విప్పిన బెల్లును మళ్ళీ బిగించి, బ్యాటరీలు వేసి గోడకు తగిలించింది.

అన్ని అంతస్తులూ తిరిగి, అందరిచేతా మాటలు పడి మాస్టారు తిరిగొచ్చేసరికి తలుపు వేసి ఉంది. అలవాటుగా బటన్ నొక్కారు. లోపల బెల్లు నిక్షేపంగా మోగింది. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కారు. "ఎవరింటిదో మోగుతోంది, మోగనీ!" అని లోపలినుంచి భార్య గొంతు వినిపించింది. పక్కింటివాళ్ళూ, ఎదురింటివాళ్ళూ కూడా కదల్లేదు. ఆ భవనంలో బెల్లు విని తలుపు తీసేవాళ్ళు ఆ రోజుకి ఎవరూ మిగల్లేదు.

మాస్టారు ఈసారి చేత్తో తలుపు తట్టారు. ఆ పద్ధతి ఏ కంపెనీ తలుపుతోనైనా పనిచేస్తుంది.