కప్పల విడాకులకు కచ్చితమైన తేదీ

కచ్చితమైన అంకె ఒకటి చేతికి దొరికాక, అది నిజమేనా అని అడగడంకన్నా పెద్ద అమర్యాద లోకంలో లేదు. ఇది నా గట్టి అభిప్రాయం. ఎంత గట్టిదంటే, తొంభై ఏడున్నర శాతం గట్టిది!

నవ్వకండి. బస్‌స్టాపు బోర్డు మీద "ఏడు నిమిషాలు" అని ఎర్రగా వెలుగుతుంటుంది. పావుగంట తర్వాత చూసినా ఏడే. అయినా మనం ఎంత నిశ్చింతగా నిలబడతాం! అదే బోర్డు "ఏమో, రావచ్చు" అని నిజం చెప్పిందనుకోండి, రాయి పెట్టి కొట్టమూ? డాక్టరు గది బయట కూర్చునే అమ్మాయి "ఇంకో పది నిమిషాలండీ" అంటే సగం జ్వరం అక్కడే తగ్గుతుంది. కంప్యూటరు తెర మీద గీత తొంభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయి మధ్యాహ్నమంతా కదలకపోతే, కంప్యూటరును తిట్టుకుంటాం గాని ఆ తొంభై తొమ్మిదిని ఎప్పుడైనా అనుమానించామా?

ఇక ఆ అంకె వెనక కుప్పలుతెప్పలుగా డేటా కూడా ఉంటే? కాస్త డేటాతో తప్పు చెప్పేవాణ్ణి తెలివితక్కువవాడంటారు. కొండంత డేటాతో అదే తప్పు చెప్పేవాణ్ణి నిపుణుడంటారు. ఈ జ్ఞానం నాకు ఇంట్లోనే కలిగింది.

మా ఆవిడ పని కప్పల జన్యువులు చదవడం. రెండు జాతుల కప్పలు. ఒకటి పచ్చది, ఇంకొకటి మట్టిరంగుది. ఒకప్పుడు ఒకే కుటుంబం. ఎందుకో చెడింది, ఎవరి దారి వారు చూసుకున్నారు. ఆ విడాకులు ఎప్పుడయ్యాయో తేల్చాలి. మా ఆవిడ నాలుగు వేల జన్యువులను పక్కపక్కన పెట్టి, అక్షరమక్షరం పోల్చి, కంప్యూటరుకు అప్పగించింది. అది నలభై ఒక్క రోజులు గుర్రుమంటూ నమిలి చివరికి కక్కింది: రెండు కోట్ల ముప్పై ఒక్క లక్షల ఏళ్ళ కిందట. మహా అయితే లక్షేళ్ళు అటూ ఇటూ!

మా పెళ్ళిరోజు విషయంలో కూడా నాకు ఇంత కచ్చితత్వం ఏనాడూ లేదు.

ల్యాబ్‌లో కేకు కోశారు. ప్రొఫెసరు గారు ఆ అంకెను నిలువెత్తు పోస్టరు మీద అచ్చు వేయించి వరండాలో తగిలించారు. మా ఆవిడ అక్కడ ఆరేళ్ళుగా టెంపరరీ. ఈ అంకెతో రాసిన వ్యాసం సైన్సు జర్నల్లో పడితే ఉద్యోగం పర్మనెంట్ అని ఆయనే మాటిచ్చారు. నేను మాత్రం ఊరుకుంటానా? పేపర్లో నేను రాసే కాలమ్‌లో ఆ అంకెను బల్లగుద్ది రాశాను. "మహా అయితే లక్షేళ్ళు అటూ ఇటూ" అన్న ముక్కను జాగా చాలక మా ఎడిటరు కోసేశారు.

అంతా సవ్యంగా ఉండగా మా ఆవిడకు పాడుబుద్ధి పుట్టింది. వ్యాసంలో వేయడానికి ఎముక ఫోటో కావాలంటూ మ్యూజియం నేలమాళిగలోకి దిగింది.

ఎముక ఏమిటంటారా? జన్యువులు రెండు కప్పల మధ్య తేడా ఎంతో చెబుతాయి గాని, ఆ తేడా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో చెప్పవు. మీ జుట్టు చూసి, మీరు క్షవరం చేయించుకుని ఎన్నాళ్ళయిందో నేను చెప్పాలనుకోండి. నాలుగు వేల వెంట్రుకలను స్కేలు పెట్టి కొలిచినా లాభం లేదు. మీ జుట్టు నెలకెంత పెరుగుతుందో తెలియాలి. అది తెలియాలంటే పాత క్షవరం తేదీ ఒక్కటైనా ఎవరికో గుర్తుండాలి. కప్పలకు ఆ గుర్తు, రాతిముక్కలో ఇరుక్కున్న ఒక తుంటి ఎముక. గోరంత ఉంటుంది. అది దొరికిన రాతిపొర వయసే లెక్కంతటికీ ఆధారం. అంటే నాలుగు వేల జన్యువులూ ఆ గోరంత ఎముక మీదే కూర్చున్నాయన్నమాట!

ఆ ఎముకలను చూసుకునే ముసలాయన ముప్పై ఏళ్ళుగా ఆ నేలమాళిగలోనే ఉన్నాడు. సొరుగు లాగి, డబ్బా తీసి మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఎముక ఏ పొరలో దొరికిందో రాసున్న లేబులు లేచిపోతుంటే, దాన్ని బొటనవేలితో అదుముతూ మాటవరసకు అన్నాడట:

"ఈ లేబుళ్ళన్నీ నా చేతిరాతేనమ్మా. పైన నీళ్ళ పైపు పగిలినప్పుడు అన్నీ ఊడి నీళ్ళలో తేలాయి. కొత్తవి రాసి మళ్ళీ నేనే అంటించా."

"ఏది ఏ డబ్బాదో ఎలా తెలిసింది, తాతా?"

"గుర్తున్నవి గుర్తున్నట్టు అంటించా. మిగతావి... ఖాళీగా వదిలేస్తే చూడ్డానికి బాగుండదు కదమ్మా!"

"మరి ఇది?"

ముసలాయన డబ్బాను బల్బు కిందికి జరిపి చాలాసేపు చూశాడు. "పై పొరదే అయ్యుంటుంది. కింది పొరదైనా అయ్యుండొచ్చులే."

కింది పొరదైతే ఆ కప్పలు విడిపోయి నాలుగున్నర కోట్ల ఏళ్ళు!

ఆ ముసలాయనకు నేను వీరాభిమానిని. డబ్బా ఖాళీగా కనిపిస్తే ప్రాణం ఒప్పక ఏదో ఒకటి అంటించాడు. మనలో ఎవరం అంటించలేదు చెప్పండి!

మా ఆవిడ ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా జరిగింది చెప్పింది. నేను వెంటనే తలుపు గడియ పెట్టాను.

"నోరు మెదపకు. డబ్బా మూసేశావు కదా, మూసే ఉండనీ. రెండు నెలలు ఓపిక పట్టావంటే పర్మనెంట్."

"నాకు మాత్రం ఆశ లేదా అండీ? ఆరేళ్ళు! కానీ రోజూ ఆ పోస్టరు పక్కనుంచి నడవాల్సింది నేను కదా" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది, అంతకన్నా ఎక్కువ భయమేసింది.

మర్నాడు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ప్రొఫెసరు గారు కోప్పడలేదట. కుర్చీ చూపించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారట.

"నాలుగు వేల జన్యువులు ముక్తకంఠంతో చెబుతుంటే, ఒక్క లేబులు పట్టుకుని వేలాడతావేంటమ్మా?"

"జన్యువులు తేడా ఒక్కటే చెప్పాయి సర్. ఏళ్ళు చెప్పింది ఆ లేబులే."

"అంత అనుమానంగా ఉంటే ఇంకో రెండు వేల జన్యువులు కలుపు!"

కలిపారు. ఎంత అద్భుతం! లక్షేళ్ళ అటూ ఇటూ కాస్తా అరవై వేలకు దిగింది. లేబులు కింద జిగురు మాత్రం పాతదే.

మా ఆవిడ మొండిది. "రెండు కోట్లకూ నాలుగున్నర కోట్లకూ మధ్య ఎక్కడో" అని వ్యాసం తిరగరాసి పంపింది. ఫలితం అస్పష్టంగా ఉందంటూ జర్నల్ వాళ్ళు తిప్పి పంపారు. పర్మనెంట్ ఉద్యోగం పక్క గదిలో గోదురుకప్పల మీద పనిచేసే ఆయనకు వెళ్ళింది. ఆయన తెలివైనవాడు, సొరుగుల జోలికి పోలేదు. వరండాలో పోస్టరు మీది అంకెనే ఆధారంగా పెట్టుకుని గోదురుకప్పల తేదీ తేల్చేశాడు. ఆయన అటూ ఇటూ ఇరవై వేలే!

మా ఆవిడ ఇప్పుడు రోజూ సాయంత్రం నేలమాళిగకు వెళుతోంది. ముసలాయన భూతద్దం పట్టుకుంటే, ఆవిడ ఎముకకు అంటుకున్న రాతిపొడి గీకి రెండు పొరల మట్టితోనూ పోల్చి చూస్తోంది. ఇంకా తేలలేదు. వరమిస్తే కాలదన్నిన మనిషికి ఇంతకన్నా ఏం దక్కుతుంది?

ఇక్కడితో ఆపేస్తే నా సిద్ధాంతం నెగ్గినట్టే. కానీ మొన్న మా అమ్మాయి స్కూలునుంచి సైన్సు పరీక్ష పేపరు తెచ్చింది. ఆరో ప్రశ్న: పచ్చకప్ప, మట్టిరంగు కప్ప విడిపోయి ఎన్నేళ్ళయింది?

మా అమ్మాయి రాసిన జవాబు: "ఇంకా తెలీదు. రెండు కోట్లకూ నాలుగున్నర కోట్లకూ మధ్య. మా అమ్మ చూస్తోంది."

దానికి సున్నా. సున్నా పక్కన టీచరమ్మ గుండ్రటి అక్షరాలతో: "సరైన జవాబుకు మీ నాన్నగారి కాలమ్ చూడుము."

నేను ఆఫీసుకు పరిగెత్తి, సవరణ వేయమని ఎడిటరును బతిమాలాను.

"దానికేం, వేద్దాం. సరైన అంకె చెప్పండి" అన్నారు పెన్ను తీస్తూ.

"ఇంకా తెలియదండీ."

"తెలియకపోతే సవరణ ఎలా వేస్తామండీ? ఉన్న అంకె శుభ్రంగా ఉంది కదా, ఉండనివ్వండి" అని పెన్ను జేబులో పెట్టుకున్నారు.

ఏమని వాదించను? ఆయన చెప్పింది అచ్చంగా నా సిద్ధాంతమే!

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నాన్నా, సంతకం."

"అమ్మను పెట్టమనరాదూ?"

"అడిగాను. నీ చేతే పెట్టించమంది."

పెట్టాను, సరిగ్గా ఆ సున్నా కింద. తప్పు రాసినవాడి సంతకం ఆ కాగితం మీద ఒకటి ఉండాలి కదా.