ముద్దమంత్రిగారి క్యారియర్

"రేపటి నుంచి ఈ ఊళ్ళో జ్వరం అన్నది ఉండదు. అది ఉంటే నేనుండను!" అని ఆరోగ్య మంత్రిగారు మైకు పట్టుకుని ప్రకటించగానే సభ చప్పట్లతో మారుమోగిపోయింది. ఆ మాటకి నెల దాటింది. జ్వరమూ ఉంది, ఆయనా ఉన్నారు. ఒకరికొకరు అడ్డం రాకుండా ఇద్దరూ హాయిగా ఉన్నారు. మాట మీద నిలబడే నాయకుల గురించి చిన్నప్పుడు చదువుకున్నాను గానీ, మాట మీద కుర్చీ వేసుకుని కూర్చున్న నాయకుణ్ణి చూసే భాగ్యం ఆయన వల్లే కలిగింది.

నేను పత్రికా విలేకరిని. మంత్రిగారి వెంట తిరగడమే నా పని. ఆయన ఏదైనా చేస్తే రాయాలి, ఏమీ చేయకపోతే ఇంకా బాగా రాయాలి. ఈ రెండో రకం రాతలో నాకు మంచి చెయ్యి ఉందని మా ఎడిటరుగారు అంటుంటారు.

ఆయన్ని జనం ముద్దమంత్రి అంటారు. వెక్కిరింపు కాదు. ఎక్కడ సభ జరిగినా భోజనాల దగ్గర ఆయనే చొక్కా చేతులు మడిచి, పళ్ళెంలో అన్నం, కూర కలిపి, బంతిలో కూర్చున్న ఒక్కొక్కరి నోట్లో స్వహస్తాలతో ముద్ద పెడతారు. కన్నతల్లి తర్వాత నోటికి ముద్ద అందించేది మా మంత్రే అని పార్టీవాళ్ళు పాట కూడా కట్టారు. "ముద్ద"లో చివరి అక్షరం తీసేసి "ఖ్య" పెడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అధిష్ఠానానికి కూడా తెలుసు గాబట్టే వాళ్ళకి సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

ఈ శుభసమయంలో ఊరికి టైఫాయిడ్ పట్టుకుంది. మా అక్క బళ్ళో పంతులమ్మ. ఉపాధ్యాయుల సన్మానసభకి వెళ్ళి, శాలువా కప్పించుకుని, ముద్ద తినిపించుకుని వచ్చింది. కొన్నాళ్ళకే మంచం పట్టింది. మొండి మనిషి గనక మాత్రలు వేసుకుని లాక్కొద్దామనుకుంది. చివరికి పెద్దాసుపత్రి జ్వరాల వార్డులో చేర్చాం. పేగు చిల్లు పడే ప్రమాదం ఉందని డాక్టర్లు చెప్పారు.

ఆ ఆసుపత్రి వెనకే ఒక పరిశోధన కేంద్రం ఉంది. అంటురోగాలు, తిండి వల్ల వచ్చే జబ్బులు ఎక్కణ్ణుంచి పుట్టుకొస్తాయో కనిపెట్టడం వాళ్ళ పని. దానికి పెద్ద ఒక డాక్టరమ్మ. చదువుకున్న మనిషే గానీ, అడిగిన దానికి నిజం చెప్పే దురలవాటు ఉంది.

సమీక్షా సమావేశంలో ఆవిడ లేచి నిలబడి, "సార్, కేసులు పెరుగుతున్నాయి" అంది.

మంత్రిగారు ఉలిక్కిపడ్డారు. "ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు సార్. వాటంతటవే పెరుగుతున్నాయి."

"ప్రతిపక్షం పెట్టకుండా కేసులు ఎక్కణ్ణుంచి వస్తాయమ్మా? నా మీద పెట్టలేదూ? అన్నీ ఎత్తేయించుకున్నాను. ఇవీ ఎత్తేద్దాం" అని పీఏ వైపు తిరిగారు. పీఏ వెంటనే రాసుకున్నాడు.

డాక్టరమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. "ఇది తిండి ద్వారా వస్తోంది సార్. దీని వెనక ఎక్కడో ఒక క్యారియర్ ఉన్నట్టుంది. పైకి చూస్తే ఏ లోపమూ కనిపించదు. క్రిములన్నీ లోపల ఉంటాయి. ఆ క్యారియర్ దొరికితే చాలు, జబ్బు ఆగిపోతుంది."

మంత్రిగారు చాలాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు గదిలో ఎవరూ ఊపిరి తీయరు, అలవాటు లేని దృశ్యం గనక.

"ఎన్ని గిన్నెలది?" అని అడిగారు.

"ఏంటి సార్?"

"ఏం లేదమ్మా. ఇక నువ్వు నిశ్చింతగా వెళ్ళు. నాకు వదిలెయ్."

మర్నాడు ఊళ్ళో క్యారియర్లు నిషేధించారు. ఆఫీసుల గేట్ల దగ్గర, ఫ్యాక్టరీల ముందు, బస్టాపుల్లో పోలీసులు కాపు కాశారు. రెండు గిన్నెల క్యారియర్ అయితే మందలించి లాక్కునేవారు. నాలుగు గిన్నెలదైతే మనిషిని కూడా స్టేషనుకి తీసుకెళ్ళేవారు. మూడు గిన్నెలదాని విషయంలో చట్టం మౌనంగా ఉండటంతో, కానిస్టేబుళ్ళు అందులో కూర ఏమిటో చూసి నిర్ణయం తీసుకునేవారు.

"అయ్యా, అది మా ఆవిడ వండిపెట్టింది" అని ఒక గుమాస్తా బతిమాలుకున్నాడు.

"అందరూ అదే చెప్తారు" అన్నాడు కానిస్టేబులు, మూత తీసి వాసన చూస్తూ.

పట్టుబడిన క్యారియర్లన్నీ పోలీసు మైదానంలో కొండలా పోశారు. ఆ కొండ ముందు మంత్రిగారు చేతులు కట్టుకుని నిలబడితే, "వ్యాధి మూలాలపై ఉక్కుపాదం" అని నేనే శీర్షిక పెట్టాను.

ఇంటి తిండి పోయి, మధ్యాహ్నానికి జనం ఆకలితో నకనకలాడిపోయారు. అది చూసి మంత్రిగారి గుండె కరిగిపోయింది. జనం ఆకలితో ఉంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదాయన. గంగాళాలతో అన్నం తెప్పించి, గేటు గేటుకీ తిరిగి అందరికీ ముద్దలు పెట్టారు. ఇంత చేసినా, రెండు వారాలు తిరిగేసరికి జ్వరాలు మాత్రం విశ్వాసం లేకుండా రెట్టింపయ్యాయి.

"ఇంకా ఎక్కడో క్యారియర్లు దాస్తున్నారు. ఇళ్ళలో సోదాలు చేయండి" అని ఆదేశించారు.

సాయంత్రం వార్డుకి వెళ్ళి అక్కకి ఇదంతా చెప్పాను. నవ్వే ఓపిక కూడా లేదు దానికి.

"ఒరేయ్, ముద్ద కలిపేముందు ఆయన చెయ్యి కడుక్కోవడం నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదక్కా."

"పక్కనే ఏడుస్తావుగా, ఏం చూస్తావురా మరి?"

"నేను ఎప్పుడూ మొహమే చూస్తానక్కా. ఫోటో కోసం."

అక్క కళ్ళు మూసుకుంది. "పిల్ల జాగ్రత్తరా" అంది. మా అమ్మాయి నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటోంది. ఆ హాస్టల్లో మంత్రిగారి ముద్దల కార్యక్రమం అప్పటికే ఖరారైంది. నేను "సరే అక్కా" అన్నాను. ఏం జాగ్రత్త తీసుకోవాలో నాకు తెలిస్తే కదా.

డాక్టరమ్మ ఈసారి మంత్రిగారిని కారు ఎక్కబోతుంటే పట్టుకుంది. "సార్, క్యారియర్ అంటే గిన్నెల డబ్బా కాదు. మనిషి. ఒంట్లో క్రిమి ఉన్నా తనకేమీ కాదు, తిరుగుతూనే ఉంటాడు. అతని చేతి తిండి తిన్నవాళ్ళు మంచాన పడతారు."

"తను బాగుండి, జనాన్ని మంచాన పడేస్తాడా!" మంత్రిగారు మండిపడ్డారు. "అంత ప్రజాద్రోహి నా ఊళ్ళో ఉన్నాడా? ఎవడైనా సరే, వదిలేది లేదు."

"పాపం, అతనికీ తెలియకపోవచ్చు సార్. వండేవాళ్ళు, వడ్డించేవాళ్ళు అందరి మలం పరీక్షిస్తే దొరుకుతాడు. ఈలోగా మీరు కూడా చేతులు సబ్బుతో బాగా కడుక్కుంటే..."

"చూడమ్మా! ప్రజల విషయంలో నేను చేతులు దులుపుకునే మనిషినే కాదు. ఏకంగా కడుక్కోమంటున్నావా?"

చుట్టూ ఉన్న కార్యకర్తలు జేజేలు కొట్టారు. నా ఒళ్ళు గగుర్పొడిచింది.

మలం ఇవ్వమంటే వంటవాళ్ళు సిగ్గుపడ్డారు. వాళ్ళలో చైతన్యం తేవడానికి మంత్రిగారు "మొదటి నమూనా నాదే" అని ప్రకటించారు. వేదిక వేశారు. "నా నమూనా, నా బాధ్యత" అని పెద్ద బ్యానర్ కట్టారు. చిన్న సీసాలో పెట్టి ఎవరితోనైనా పంపితే చాలని డాక్టరమ్మ మొత్తుకుంది. "ప్రజాజీవితంలో ఉన్నవాడికి చాటుమాటు ఏముంటుందమ్మా" అన్నారాయన. అయితే పీఏ గడుసువాడు గనక తెర కట్టించాడు.

తెర వెనక నుంచి మంత్రిగారు నమస్కారం చేస్తూ బయటికి రాగానే బ్యాండు మోగింది. నమూనాను పట్టుగుడ్డ కప్పిన పళ్ళెంలో పెట్టారు. దాన్ని ప్రయోగశాల దాకా మోసే భాగ్యం కోసం కార్యకర్తల్లో తోపులాట జరిగి ఇద్దరి చొక్కాలు చిరిగాయి. చివరికి యువజన విభాగం అధ్యక్షుడు నెగ్గాడు. పళ్ళెం నెత్తిన పెట్టుకుని, కళ్ళ నీళ్ళతో నడిచాడు. అంత నిష్ఠగా మోసిన వాడికి టికెట్ రాకపోతే ప్రజాస్వామ్యానికి అర్థమే లేదు. మర్నాడు మా పత్రికలో "మంత్రిగారి త్యాగం" అని శీర్షిక. ఎడిటరుగారు త్యాగానికి ముందు "మహా" చేర్చారు.

ఫలితం చెప్పడానికి డాక్టరమ్మ మంత్రిగారి గదికి వచ్చింది. లోపల మంత్రిగారు, పీఏ, నేను. నన్ను ఆ గదిలో బీరువాతో సమానంగా చూస్తారు గనక బయటికి పొమ్మనలేదు.

"వంటవాళ్ళందరూ బాగానే ఉన్నారు సార్. ఒక్కరి నమూనాలోనే క్రిమి పెరిగింది."

"దొరికాడా! ఎవడు వాడు?"

"మీరే సార్. క్యారియర్ మీరే."

"సార్ కెరీర్ గురించి మాట్లాడటానికి నువ్వెవరమ్మా?" అని పీఏ మీదమీదకి వచ్చాడు. మంత్రిగారు చెయ్యెత్తి ఆపారు. ముందుగా చెప్పినట్టు, ఆయన ఆలోచించడం అరుదు. ఆ రోజు మాత్రం ఆలోచించారు.

"నాకు జ్వరం లేదే."

"ఉండదు సార్."

"ముందు ముందు వస్తుందా?"

"రాదు. ఆ క్రిమి మీ ఒంట్లో హాయిగా ఉంటుంది. మిమ్మల్నేమీ చేయదు."

"అంటే, నాకేం కాదు."

"మీకేం కాదు. మీ ముద్ద తిన్నవాళ్ళకే అవుతుంది."

మంత్రిగారి మొహం విప్పారింది. "చూశావటయ్యా, క్రిములకి కూడా మనమంటే అభిమానమే" అన్నారు పీఏతో.

"దీనికి మందుంది సార్. కొన్ని వారాలు మాత్రలు వాడితే పోవచ్చు. పూర్తిగా పోయిందని తేలేదాకా ఇంకొకరి తిండి ముట్టుకోకూడదు. ముద్దలు ఇవాళే ఆపేయాలి."

"ఎన్నికలయ్యాక ఆపేద్దాం."

"సార్, ప్రాణాలు పోతాయి!"

"ముద్ద ఆపితే ఓట్లు పోతాయమ్మా" అన్నారు, పసిపిల్లకి ఎక్కాలు నేర్పుతున్నంత ఓర్పుగా. తర్వాత నెమ్మదిగా నావైపు తిరిగారు. "విలేకరిగారూ, మీరేం విన్నారు?"

బీరువాకి కూడా నోరుంటుందని ఆయనకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. నాకు అక్క గుర్తొచ్చింది. ఉద్యోగం కూడా గుర్తొచ్చింది.

"మీకేం కాదని విన్నాను సార్."

"అదే రాయండి. ఇంతకీ మీ అమ్మాయి ఎక్కడ చదువుతోందన్నారు?"

"నర్సింగ్ హాస్టల్లో సార్."

"ఆహా" అన్నారు. అంతే.

"మంత్రిగారి ఆరోగ్యానికి ఢోకా లేదు, పరిశోధనలో వెల్లడి" అని మొదటి పేజీలో వచ్చింది. డాక్టరమ్మ సేవలు గుర్తించి, పోలీసు మైదానంలోని క్యారియర్ల కొండకి ఆవిడను ప్రత్యేకాధికారిగా వేశారు. ఆవిడ అక్కణ్ణుంచే అందరికీ ఫోన్లు చేసి నిజం చెబుతోందట. క్యారియర్ల మధ్య ఉండి మతి చలించిందని మా పత్రికే రాసింది.

హాస్టల్లో కార్యక్రమం ముందురోజు మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, రేపు ఇంటికి వచ్చెయ్."

"ఎలా నాన్నా? వార్డెన్ మేడమ్ గేటుకి తాళం వేయించింది. ముద్ద తిననివాళ్ళని పరీక్షకి కూర్చోనివ్వరట."

"కడుపునొప్పని చెప్పు."

"అందరం అదే చెప్పాం. ఒకేసారి అందరికీ ఎలా వస్తుందని తిట్టింది." "ఏంటి నాన్నా, నీకేమైనా తెలుసా?" అంది.

"ఏం లేదమ్మా. ఊరికే చూడాలనిపించింది" అన్నాను. పక్కన ఎడిటరుగారు ఉన్నారు.

హాస్టల్ భోజనాల హాలు కళకళలాడింది. తెల్ల యూనిఫారాల్లో పిల్లలు బారులు తీరి కూర్చున్నారు. మంత్రిగారు చొక్కా చేతులు మడిచి, పళ్ళెంలో అన్నం కలిపి, ఒక్కొక్కరి దగ్గరా వంగి, "తిను తల్లీ" అంటూ వస్తున్నారు. నేను కెమెరా పట్టుకుని ఆయన పక్కనే వెనక్కి నడుస్తున్నాను. ఒక్క మాట అరిస్తే చాలు, అక్కడితో ఆగిపోతుంది. అరవలేదు, ఫోటోకి వెలుతురు సరిచూసుకున్నాను.

మా అమ్మాయి ముందు ఆయన ఆగారు. ముద్ద చేతిలో ఉంది. మా అమ్మాయి ముద్దవైపు చూడలేదు, నావైపు చూసింది.

మంత్రిగారు కూడా నావైపు చూశారు. చల్లగా నవ్వారు.

"నువ్వు మన విలేకరిగారి అమ్మాయివి కదూ? నీకు వద్దులే తల్లీ. మీ నాన్నగారు ఇంట్లో పెడతారు" అని ముందుకి జరిగారు.

అంత పెద్దమనిషి, అంత రద్దీలో, నాలాంటి చిన్నవాడి పిల్లను గుర్తుపెట్టుకున్నారు. కృతజ్ఞతతో నా కళ్ళు చెమర్చాయి. కెమెరా మెడకి వేలాడేసి రెండు చేతులూ జోడించాను.

మా అమ్మాయి పక్కన కూర్చున్నది దాని రూమ్మేట్. అమ్మానాన్నా లేని పిల్ల. సెలవులకి మా ఇంటికే వస్తుంది.

"బాబాయ్, నాదీ ఒక ఫోటో!" అని నవ్వి, నోరు తెరిచింది.

తీశాను. చాలా బాగా వచ్చింది.