మంత్రిగారి కుశల ప్రశ్న

ప్రాసిక్యూటర్ల పనిలో ప్రభుత్వం వేలు పెట్టదని న్యాయశాఖ మంత్రిగారు మరోసారి ప్రకటించారు. ఇది అక్షరాలా నిజం. ఆయన వాళ్ళ క్షేమం కనుక్కుంటారు, అంతే. ఇంత దయగల మంత్రి దొరకడం మా అదృష్టం.

మంత్రిగారి బావమరిది కాంట్రాక్టు తీసుకుని కొత్తగా కట్టించిన ప్రభుత్వ బడి ప్రహరీగోడ మొన్నటి వానకు కూలింది. దాని పక్కన కుట్టుమిషన్ పెట్టుకున్న మా వీధి దర్జీ చనిపోయాడు. కేసు చిన్న ప్రాసిక్యూటరమ్మ చేతికొచ్చింది. ఆవిడ గోడ పెళ్ళ ఒకటి తెప్పించి వేళ్ళతో నలిపింది. అది పిండి పిండి అయింది. ఆ సాయంత్రమే ఫోన్ మోగింది.

"ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది? మీవారు పాఠాలు చెప్పేది మన ప్రభుత్వ కాలేజీలోనే కదా?" అన్నారు మంత్రిగారు.

"నేను బాగానే ఉన్నానండీ. కేసు కూడా గట్టిగానే ఉంది" అందావిడ.

పెద్దలు క్షేమం అడిగితే ఇలా జవాబివ్వకూడదని లా కాలేజీలో చెప్పరు. అంత చక్కటి ఆరోగ్యం పట్నం దుమ్ములో పాడవుతుందని బెంగపడి, ఆవిడను గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే కోర్టుకు బదిలీ చేశారు. ఆ కోర్టుకు పైకప్పు లేదు.

కేసు పెద్ద ప్రాసిక్యూటరుగారికి వెళ్ళింది. మంత్రిగారు క్షేమం అడగ్గానే ఆయన, "కాస్త నలతగా ఉందండీ, అంతా మీ దయ" అన్నారు. అనుభవమంటే అదీ.

కోర్టులో ఆయన వాదన చరిత్రాత్మకం. "గోడ నిక్షేపంలా ఉండేది. ఈ దర్జీ రోజంతా మిషన్ తొక్కి తొక్కి, ఆ అదురుకు దాని నడుం విరగ్గొట్టాడు. ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసిన మనిషి శిక్షకు అందుబాటులో లేకపోవడమే ఈ కేసులో లోపం!" ముద్దాయి తరఫు వకీలు లేచి, చెప్పడానికి తనకేమీ మిగల్లేదని ఏడుపు ముఖంతో కూర్చున్నాడు. కేసు కొట్టేశారు.

దర్జీ భార్య కోర్టు మెట్ల మీదే ఆగింది. "మనిషి ఎలాగూ పోయాడు. తప్పు కూడా ఆయనదే అంటే నేనొప్పుకోను. పైకోర్టుకెళ్తా" అంది. మా వీధివాళ్ళమంతా అక్కడే ఉండి విన్నాం.

నాయకులు న్యాయాన్ని భ్రష్టు పట్టించారని ఆ సాయంత్రం మా వీధంతా మండిపడ్డాం. ఆ ఊపులోనే ఆవిడ ఇంటికి వెళ్ళాం. పైకోర్టు ఊసు ఎవరమూ ఎత్తలేదు. ఒకరి పనిలో వేలు పెట్టే అలవాటు మాకు లేదు.

"ఒంట్లో ఎలా ఉంది వదినా? మీ అమ్మాయి రోజూ కాలేజీకి వెళ్ళేది ఆ బావమరిదిగారి ఇంటి ముందు నుంచే కదా?" అని మాత్రం అడిగాం.

ఆవిడ మా ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసింది.

"కాస్త నలతగా ఉంది" అంది.

మా మనసులు కుదుటపడ్డాయి.