సాల్మన్ సోలో, మూడు రంగుల సిరప్పు

దర్శి పక్క పల్లెలో ఆ ఆదివారం చర్చి వార్షికోత్సవం. సాల్మన్ సోలో పాడాలి! ఏళ్ల తరబడి పదిమందితో గొంతు కలిపిన మనిషికి తొలిసారి తనొక్కడికే మైకు చిక్కబోతోంది. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒక్కసారి రాగం తీసి చూసుకుని బయల్దేరాలనుకున్నాడు. రాగం తీస్తే దగ్గొచ్చింది. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటే పాపం గొంతు మాత్రం ఏం చేస్తుంది?

"నోరు తెరవండి!" అంటూ భార్య రెబ్కా ఎర్ర సిరప్పు తెచ్చింది. అది ఆవిడ దగ్గుకి డాక్టరు రాసిచ్చిన మందు. దగ్గుకి మొగుడూ పెళ్లాం అని తేడా ఏముందని రెండు మూతలు పట్టించింది.

మందు పనిచెయ్యడానికి కాస్త టైము పడుతుంది. ఆ కాస్త ఆగితే ఏ గొడవా లేకపోను. దగ్గు విని పక్కింట్లోంచి అక్క హెలెన్ పరుగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, ఈ పచ్చది తాగరా. ఛాతీ తేలికవుతుంది."

"ఇప్పుడే తాగానక్కా."

"అది ఎర్రదిరా! ఇది వేరే!"

రంగు వేరైతే మందు వేరు. ఈ శాస్త్రం మీద ఆ వీధిలో ఎవరికీ అనుమానం లేదు. పచ్చదీ తాగి వచ్చిన సాల్మన్ ఇంకా దగ్గుతూనే ఉంటే, చర్చి గుమ్మంలో పాస్టరు తోమాగారు సంచిలోంచి నారింజ రంగు సీసా తీశారు. అయ్యగారు ఇచ్చింది కాదంటే బాగుంటుందా? సాల్మన్ రెండు గుక్కలు మింగేశాడు.

దగ్గు మాయం! కానీ గుండె దడదడలాడింది. మైకు పట్టిన చెయ్యి గడగడా వణికింది. నింపాదిగా సాగాల్సిన పాట పరుగందుకుంది. డోలక్ వాయించేవాడికి చెమటలు పట్టాయి. ఆ వణుకుడు గొంతు విని ముందు వరస ముసలమ్మలు చేతులెత్తి లేచారు.

"పరిశుద్ధాత్మ అభిషేకం దిగింది! హల్లెలూయ!" అన్నారు తోమాగారు. "ఇంకోసారి పాడండి బ్రదర్!"

"అయ్యగారూ, నా గుండె అదురుతోంది..."

"మా అందరికీ అంతేనయ్యా! స్తోత్రం!"

రెండోసారి పల్లవి దగ్గరే సాల్మన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. జనమంతా భక్తిగా మోకరించారు. రెబ్కాకి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. నర్సు శాంతిని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. శాంతి నాడి చూసి, ఏం తాగాడో ఆరా తీసి, మూడు సీసాలూ తెప్పించి లేబుళ్లు చదివింది.

"రంగులు మూడు, మందు ఒకటేనండీ! ఆయాసం తగ్గించే మందు మూడింట్లోనూ కలిసి ఉంది. ఎక్కువైతే గుండెదడ, వణుకు వస్తాయి. ఒకరికి రాసింది ఇంకొకరు తాగితే ఎలా? ముందు ఆటో పిలవండి!"

ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉంచి, దడ తగ్గాక పంపారు. రెబ్కా ఆనందం పట్టలేక ఏడ్చింది, ఆ వెంటనే తిట్టింది.

మరుసటి ఆదివారం పాస్టరుగారు మళ్లీ అవకాశమిచ్చారు. డాక్టరు చెప్పిన మందు, చెప్పిన మోతాదులో వాడి సాల్మన్ ఎంత హాయిగా పాడాడని! శ్రుతి కుదిరింది, తాళం కుదిరింది, చెయ్యి రవ్వంత కూడా వణకలేదు.

పాట బాగానే ఉంది కానీ పోయినవారం ఉన్న భక్తి లేదని సంఘమంతా తేల్చేసింది.