కొండమీద ఎవరో ముసలమ్మ

శనివారం పొద్దున మన్‌సిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తగారు ఓక్‌బున్‌ను చున్‌చన్ ఊరి వెనక కొండ ఎక్కించి, పన్నెండింటికల్లా దింపి, వేడివేడి నూడుల్స్ తినిపించి ఇంటికి తేవడం. అంతే.

"రాత్రి కురిసిన మంచు గడ్డకట్టిందట. అమ్మకి డెబ్బై మూడేళ్లు. ఒంటరిగా వదిలారంటే మీరూ ఇంటికి రానక్కర్లేదు," అని భార్య మిరాన్ గుమ్మంలోనే చెప్పింది.

స్టూలెక్కినా తనకు కళ్లు తిరుగుతాయన్న సంగతి మన్‌సిక్ పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఆ వేళా చెప్పలేదు.

సగం దూరంలో నున్నటి రాతివాలు వచ్చింది. దానిమీద మంచు అద్దంలా పరుచుకుంది. పక్కన పట్టుకోవడానికో తాడు. బూట్లకు ఇనుప ముళ్లు తగిలించుకున్న ఓక్‌బున్ టకటకా ఎక్కేసింది.

"రా అల్లుడూ! కిందకి చూడకు!"

ఆ మాట వినగానే మన్‌సిక్ కిందకి చూశాడు. ఊరి మేడలు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. దగ్గరున్న పైన్ చెట్టును రెండు చేతులా కావలించుకున్నాడు.

"మీరు పదండి అత్తయ్యా. నేను... ఈ చెట్టు కాస్త చూసి వస్తాను."

"చెట్టులో చూడ్డానికేముంది? సరే, నేను పైన ఉంటా."

ఆవిడ మలుపు తిరిగి మాయమైంది. ఇక పరువు పోయినా ఫరవాలేదనుకుని, భార్యకు నిజం చెప్పేద్దామని మన్‌సిక్ ఫోను తీశాడు. తీయడంలో భుజానున్న అత్తగారి సంచీ జారి, కింబాప్ అన్నం చుట్టల పొట్లాలతో సహా లోయలోకి దొర్లిపోయింది.

"మిరాన్... అత్తయ్య సం... సం..." పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "జారి లోయలో పడిపోయింది!"

అవతల ఒక కేక. అంతలోనే చలికి ఫోను చచ్చింది.

ముప్పావుగంట గడిచాక పైనుంచి దిగుతున్న ఇద్దరు ఆయన్ని చూసి ఆగారు.

"అన్నా, జాగ్రత్త! ఎవరో ముసలమ్మ లోయలో పడిపోయిందట. ఎవరో ఫోన్ చేశారట. అటువైపు దారిన పైకి రక్షణ దళం కూడా వచ్చేసింది."

ఆ కబురు పుట్టింది తన నోట్లోనే అని మన్‌సిక్‌కు తట్టనే లేదు. కళ్లముందు అత్తగారే కనిపించింది. ఏటా కిమ్చీ పచ్చడి పెట్టేటప్పుడు కారం తగ్గించి తనకోసం వేరే కుండ తీసే మనిషి. ఆ మనిషిని తాను మంచులో ఒంటరిగా వదిలేశాడు.

చెట్టును వదిలాడు. "అత్తయ్యా!" అని ఏడుస్తూ తాడు పట్టుకుని నాలుగు కాళ్లమీద పాకాడు. తాడు అయిపోయిన చోట చేతులు జారాయి. బోర్లాపడి జర్రున లోయ అంచుదాకా పోయాడు. కోటు ఓ మోడుకు తగులుకుంది. కాళ్ల కింద ఏమీ లేదు. ఎక్కడో ఒక కుట్టు పుటుక్కుమంది. ఊపిరి తీస్తే రెండోది కూడా తెగుతుందేమోనని ఊపిరి కూడా తీయలేదు.

"అల్లుడూ! అక్కడ ఏం చేస్తున్నావ్?"

తలెత్తి చూశాడు. రక్షణ దళం వాళ్ల ముందు ఓక్‌బున్ నిలబడి ఉంది.

"అత్తయ్యా! మీరు బతికే ఉన్నారా?"

"ఏం, నీకేమైనా ఇబ్బందా? ఎవరో ముసలమ్మ పడిపోయిందట, పాపం. వెతుకుదామని వీళ్లతో వచ్చా."

దళం నాయకుడు ఆవిడ వంక అనుమానంగా చూశాడు. "అమ్మా, మీ పేరు ఓక్‌బునా? మేం వెతుకుతున్నది ఆ పేరుగలావిడనే. పైన మిమ్మల్ని అడిగాం కదా, ముసలమ్మ కనిపించిందా అని!"

"ముసలమ్మని అడిగారు. నన్నడగలేదు," అంది ఓక్‌బున్. "ముందు వాణ్ణి లాగండి. మా అమ్మాయికి ఉన్నది ఒక్కడే మొగుడు."

లాగారు. మన్‌సిక్ ఆవిడ కాళ్లు వాటేసుకుని, సిగ్గు విడిచి ఏడ్చాడు. ఆవిడ ఆయన నెత్తిమీది మంచు దులిపి, "ఎత్తంటే భయమని ముందే చెప్పొచ్చుగా, పిచ్చి సన్నాసీ. చెరువు గట్టుమీద నడిచేవాళ్లం," అంది.

తల్లి శవం వస్తుందని ఏడుస్తూ కొండకింద నిలబడ్డ మిరాన్‌కు, స్ట్రెచర్ మీద, నడిచి దిగలేనన్న మొగుడూ, దాని ముందు చివర పట్టుకుని తల్లీ ఎదురయ్యారు. ఎవరికోసం ఏడవాలో తెలియక ఏడుపు ఆపేసింది.

దళంవాళ్లు కాగితం చాపారు. సంరక్షకులు అన్నచోట ఓక్‌బున్ సంతకం పెట్టింది. బంధుత్వం అన్నచోట కాసేపు ఆలోచించి, 'కొండకు వెంట తీసుకొచ్చినావిడ' అని రాసింది.