ముందు గోడ

"దూరప్రాంత సైనిక నిర్మాణాల నిర్వహణలో నేర్చిన పాఠాలు" అనే అంశంపై ఇంజనీరుగారు సోమవారం ఉదయం ప్రసంగిస్తారని శాఖ ప్రకటించింది. ఎంపిక సముచితమే. కొండ మీది శిబిరంలో నలభై మంది సైనికులకు బారక్ కట్టిస్తున్న ఆయన, ఆ కొండ ఒక్కసారైనా ఎక్కలేదు. అంతకంటే దూరం నుంచి నిర్వహించడం ఎవరి తరమూ కాదు.

మంచు పడి దారి మూసుకుపోయేలోగా బారక్ పూర్తికావాలి. లేకపోతే ఆ నలభై మందికీ చలికాలమంతా గుడారాలే గతి. ఆ సంగతి తెలిసే ఇంజనీరుగారు, ఎవరూ తన కళ్లలో దుమ్ము కొట్టకుండా పకడ్బందీ ఏర్పాటు చేశారు. అక్కడి మేస్త్రీ ప్రతి శనివారం ఫోటో పంపాలి. అదీ గేటు పక్కన సున్నంతో గీసిన గుర్తు మీద నిలబడే తీయాలి. అక్కడి నుంచి ముందు గోడ ఒక్కటే కనబడుతుందన్న ఆలోచన మాత్రం ఆయన బుర్రకు తట్టలేదు.

మేస్త్రీ నిజాయితీపరుడు. సిమెంటు చాలడం లేదని, పక్క గోడలు లేపాలో ముందు గోడకు పూత పూయాలో చెప్పమని ఫోన్ చేసి మరీ అడిగాడు. ఆ రోజు శుక్రవారం. ఇంజనీరుగారు తడుముకోకుండా పూతకే ఓటు వేశారు. ఆ తర్వాత ప్రతి శుక్రవారమూ అతను అడిగాడు, ప్రతి శుక్రవారమూ ఈయన అలాగే సెలవిచ్చారు. గోడకు కిటికీలొచ్చాయి, రంగొచ్చింది. పని తొంభై శాతం పూర్తయిందని నివేదిక వెళ్లింది. ఇంట్లో ఆ ఫోటో చూసిన భార్య, "కిటికీలోంచి ఆకాశం కనబడుతోందేంటండీ?" అంది. వెలుతురు ధారాళంగా వచ్చేలా కట్టించానని ఆయన మురిసిపోయారు.

మంచు పడింది. దారి మూసుకుపోయింది. ప్రసంగానికి ముందురోజు శిబిరాధికారి ఫోన్ చేశాడు.

"గోడ గట్టిగా ఉంది సార్. గాలి మాత్రం మిగతా మూడు వైపుల నుంచీ వస్తోంది."

ఇంజనీరుగారికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు వేదికెక్కి, రాసుకొచ్చిన పన్నెండు పాఠాలూ పక్కన పెట్టి, తెర మీద ఫోటో చూపించి, ఉన్నమాట చెప్పేశారు.

"దీని వెనక ఏమీ లేదండీ. నలభై మంది గుడారాల్లో వణుకుతున్నారు. తప్పు నాదే. హెలికాప్టర్‌లో నాలుగు రేకులైనా పంపించండి."

ఇంతటి వినయం శాఖ చరిత్రలోనే ఎరుగమని అధ్యక్షులవారు కొనియాడి, అక్కడికక్కడే ఆయన మెడలో పతకం వేశారు. చప్పట్లు మోగిపోయాయి. హెలికాప్టర్ ఊసు ఎవరూ ఎత్తలేదు. అప్పుడు చివరి వరసలో ఒక చెయ్యి లేచింది. అతను మరో కొండ శిబిరం ఇంజనీరు. ఒక్కడికైనా పట్టిందని మన ఇంజనీరుగారికి ప్రాణం లేచొచ్చింది.

"సార్, ఆ ఫోటో నాకో కాపీ ఇస్తారా? మా దగ్గర ముందు గోడ కూడా లేదు."

మెడలో పతకం పడ్డ మనిషి, కాదనలేకపోయారు.