ఇంగ్లీషు తిట్టుకి దండం

ఆ మంగళవారం పొద్దుటికి చంద్రమోహన్ అనుకున్న పనులు మూడే. తెల్లవారకుండా చన్నీళ్ళ స్నానం చేసి పూజ ముగించడం, ఏడింటికల్లా దేవరాపల్లిలో ఓణీల ఫంక్షన్‌కి షామియానా, కుర్చీలు పంపించడం, సాయంత్రం గురుస్వామి ఇంట్లో భజనకి వెళ్ళడం. చోడవరంలో టెంట్ హౌస్ నడిపే మనిషికి ఇంతకంటే తీరికైన రోజు దొరకదు. అయ్యప్ప మాల వేసుకుని అప్పటికి ముప్ఫై ఎనిమిది రోజులు. శుక్రవారం ఇరుముడి కట్టించుకుని శబరిమల బస్సెక్కితే మొక్కు తీరిపోతుంది.

మొక్కు ఆషామాషీది కాదు. కిందటేడు భార్య రూపాదేవిని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తుంటే, విశాఖపట్నం ఆసుపత్రి వరండాలో నిలబడి, "ఈవిడ క్షేమంగా ఇంటికొస్తే నీ కొండకొస్తాను స్వామీ" అన్నాడు. ఆవిడ క్షేమంగా వచ్చింది. ఇక వెళ్ళాల్సింది తనే.

దీక్షలో అతనికి చన్నీళ్ళు కష్టమనిపించలేదు, చెప్పుల్లేని నడక కష్టమనిపించలేదు. కష్టమంతా నోటితోనే. వయసులో ఉన్నప్పుడు విశాఖపట్నంలో ఒక కంపెనీ స్టోరులో నాలుగేళ్ళు పనిచేశాడు. అక్కడి ఆఫీసరు ఎవరిని చిన్నబుచ్చాలన్నా ఇంగ్లీషులోనే చిన్నబుచ్చేవాడు. ఆ నాలుగేళ్ళలో చంద్రమోహన్‌కి ఇంగ్లీషు మాట్లాడటం రాలేదు గానీ, ఇంగ్లీషులో మనిషిని తక్కువ చెయ్యడం మాత్రం బాగా పట్టుబడింది. తెలుగులో 'వెధవా' అనాలంటే అతనికి నోరు రాదు. ఇడియట్, యూజ్‌లెస్, బ్రెయిన్‌లెస్ లాంటివి మాత్రం ఇస్త్రీ చేసిన మాటలని అతని నమ్మకం. ఎవరు చెప్పారో తెలియదు గానీ, ఊళ్ళో చాలామందికి ఆ నమ్మకం ఉంది. మాల వేసుకున్నాక ఎవరినైనా స్వామీ అనే పిలవాలి గనక, ఆ మాటల చివర ఒక 'స్వామీ' వచ్చి చేరింది. అంతకు మించి మార్పు లేదు.

ఆరున్నరకి బయటికొచ్చి చూస్తే, డ్రైవరు దాసు తెచ్చిన వ్యానులో అన్నిటికంటే పైన తెల్ల షామియానా కనిపించింది. ఎక్కించినవాడు సత్తిబాబు. పదిహేనేళ్ళుగా టెంట్ హౌస్‌లో పనిచేస్తున్నాడు.

"ఏటిది సత్తిబాబు స్వామీ? ఓణీల ఫంక్షన్‌కి తెల్లది పంపుతారేటి? పెద్దకర్మకి కట్టేది కదా ఇది! ఇడియట్ స్వామీ! బ్రెయిన్‌లెస్ స్వామీ!"

"రంగుది గొడౌన్లో అడుగుకెళిపోనాది బాబూ. ఇప్పుడే మార్సేస్తాను" అన్నాడు సత్తిబాబు, కుర్చీల దొంతర ఎత్తుకుంటూ.

గుమ్మంలో ముగ్గు వేస్తున్న రూపాదేవి తల ఎత్తింది. "స్వామీ, ఒక మాట అడగనా?"

"అడుగు మాతా."

"ఇంగ్లీషులో తిడితే అయ్యప్పకి తెలీదంటారేటి?"

"అది తిట్టు కాదు. మామూలు మాట."

"మామూలు మాటైతే నన్నెప్పుడూ అనలేదేం?"

రూపాదేవి వాదన పెంచుకునే మనిషి కాదు. చెయ్యి కడుక్కుని నేరుగా గురుస్వామికి ఫోను చేసింది.

గురుస్వామి జగ్గయ్య చెరకు కాటా దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇరవై రెండుసార్లు కొండకి వెళ్ళొచ్చారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. "బ్రెయిన్‌లెస్ అంటే ఏటమ్మా?" అని అడిగారు. బుర్ర లేనివాడని ఆవిడ చెప్పింది. కాసేపు ఆలోచించి, ఫోను చంద్రమోహన్‌కి ఇమ్మన్నారు.

"స్వామీ, అవతలి మనిషి నొచ్చుకున్నాక అది ఏ భాషైతే ఏటి? ఎవర్నన్నారో వాళ్ళ కాళ్ళకి దండం పెట్టండి. 'నా మనసులో ఏటీ లేదు గురుస్వామీ' అని ఆ మనిషి నాతో సెప్పాలి. అప్పుడే మీకు ఇరుముడి కడతాను."

"ఎల్లుండి కాక అవతలెల్లుండి బస్సు కదా గురుస్వామీ!"

"అందుకే ఇప్పుడే పెట్టేయండి."

చంద్రమోహన్‌కి అది రెండు నిమిషాల పనిలాగే కనిపించింది. గబగబా వెళ్ళి, సంగతేమిటో చెప్పకుండా, కుర్చీలు మోస్తున్న సత్తిబాబు కాళ్ళ మీదికి వంగాడు.

సత్తిబాబు కెవ్వుమన్నాడు. "అయ్యబాబోయ్! మాలేసుకున్న సామి నా కాళ్ళట్టుకుంటే నా పిల్లలేటైపోవాల!" వెనక్కి గెంతేసరికి దొంతరలోని ఎనిమిది కుర్చీలూ వంగి ఉన్న చంద్రమోహన్ వీపు మీద పడ్డాయి.

"స్టుపిడ్!" అన్నాడు చంద్రమోహన్, అలవాటు చొప్పున. అని నాలుక కరుచుకున్నాడు. ఒక్క దండంతో పోయేది ఇప్పుడు రెండయింది. లేచి చూసేసరికి సత్తిబాబు వీధి మలుపు తిరుగుతున్నాడు.

స్కూటరు తీసి వెంటపడ్డాడు. బస్సు కాంప్లెక్సు దగ్గర గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు ట్రాక్టర్లు బారుగా ఆగి ఉన్నాయి. దాటే సందు లేక సత్తిబాబు అటూ ఇటూ చూస్తున్నాడు. "ఆగు స్వామీ! పట్టుకోండి! పట్టుకోండి!" అని చంద్రమోహన్ దూరం నుంచే అరిచాడు. నల్లబట్టల స్వామి చెప్పుల్లేకుండా, తన పనివాణ్ణి తరుముకుంటూ, పట్టుకోమని అరుస్తుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? రోడ్డు పక్కన టిఫిన్ బండి పెట్టుకున్న అచ్చియ్యమ్మ అట్లకాడ వదలకుండానే సత్తిబాబు చొక్కా కాలరు పట్టుకుంది.

"ఒరే, ఏటట్టుకుపోతన్నావురా? తియ్యి బయటికి!"

నిమిషంలో పదిమంది చేరారు. ఒకడు జేబులు తడుముతున్నాడు, ఇంకొకడు చెయ్యెత్తాడు. చంద్రమోహన్ స్కూటరు పడేసి మధ్యలోకి దూరాడు.

"నాన్‌సెన్స్! స్టుపిడ్ పీపుల్! వదలండతన్ని!"

అందరూ వదిలేశారు. సత్తిబాబు ట్రాక్టరు కింద నుంచి దూరి అవతలికి పోయాడు. అచ్చియ్యమ్మ చంద్రమోహన్ వైపు తిరిగింది.

"స్వామీ, మమ్మల్నేదో ఇంగిలీసులో అన్నట్టున్నారు?"

చేసేది లేక చంద్రమోహన్ సంగతంతా చెప్పాడు. అది దొంగతనం కాదనీ, దండం పెట్టడానికి తరుముతున్నాననీ, ఇప్పుడు వాళ్ళకీ పెట్టాలనీ. అచ్చియ్యమ్మకి సత్తిబాబుకున్న భయాలేవీ లేవు. పెనం మీద అట్టు తిరగేస్తూ కాళ్ళు ముందుకి పెట్టింది. "అలాగే కానీ స్వామీ. మొన్న వినాయక చవితికి బల్లలు అడిగితే నన్ను 'సిల్లీ' అన్నావు. దానికీ కలిపి పెట్టీ." అక్కడున్నది పదిమందే. దండాలు మాత్రం పద్నాలుగయ్యాయి. తర్వాత వచ్చిన నలుగురు, తమనీ అన్నాడనే చెప్పారు. అందరినీ ఏదో ఒకప్పుడు అనే ఉంటాడు గనక చంద్రమోహన్ ఎదురు చెప్పలేదు.

చివరి దండం దగ్గర ఫోను మోగింది. దేవరాపల్లి నుంచి సాయికిరణ్. ఓణీల పిల్లకి మేనమామ, విశాఖపట్నంలో పెద్ద కంపెనీలో ఇంజినీరు. ఈ గందరగోళంలో షామియానా మార్చేవాళ్ళు లేక, దాసు వ్యాను అలాగే తీసుకెళ్ళిపోయి, శుభమా అని ముస్తాబైన ఇంటి ముందు తెల్లది దింపేశాడు. ముసలమ్మ ఒకావిడ దాన్ని చూసి ఏడుపు కూడా మొదలెట్టిందట.

"హలో! డోంట్ యు హావ్ కామన్ సెన్స్? యూజ్‌లెస్ ఫెలోస్! బ్లడీ విలేజ్ మెంటాలిటీ!"

"స్వామి శరణం సార్. గంటలో మార్పిస్తాను" అన్నాడు చంద్రమోహన్.

ఆ ఫోను పెట్టేసి, వ్యాను వెనక్కి తెమ్మని దాసుకి ఫోను చేశాడు. సాయికిరణ్ పుట్టింది, పెరిగింది దేవరాపల్లిలోనే. విలేజ్ అంటే అతని లెక్కలో ఏ ఊరో ఏమిటో! కానీ చంద్రమోహన్ ఆలోచిస్తున్నది అది కాదు. యూజ్‌లెస్ అన్న మాట తను కొన్ని వేలసార్లు అని ఉంటాడు. ఆ స్టోరు వదిలాక అది తన మీదికి రావడం ఇదే మొదటిసారి. ఇస్త్రీ మడత నలగని మాటనుకున్నది చెవిలో ముల్లులా దిగింది. దాసు తిరిగొచ్చి రంగు షామియానా తీసుకెళ్ళడం, ముహూర్తానికి ముందే అది కట్టడం జరిగిపోయాయి. ముల్లు మాత్రం అక్కడే ఉంది.

సత్తిబాబు ఇల్లు గోవాడ రోడ్డులో ఉంది. తలుపు వేసి ఉంది. గుమ్మంలో అతని భార్య చిన్నమ్మి చేటలో బియ్యం చెరుగుతోంది.

"మా ఆయన ఇంటికాడ లేరు సామీ."

"లోపల దగ్గు వినబడింది చిన్నమ్మీ."

"అది మా గేదె సామీ."

లోపలి నుంచి సత్తిబాబే పలికాడు. "బాబూ, తమరెళిపోండి. నేను కాళ్ళట్టించుకోను. ఇడియట్ అన్నారని నాకేటీ బాధ లేదు. జనరేటర్ని కూడా అలాగే అంటారు కదా."

చంద్రమోహన్‌కి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆ మాటే గురుస్వామికి చెప్పు. మనసులో ఏటీ లేదని చెప్పు చాలు."

"అది సెప్పలేను బాబూ."

"ఏం?"

"మొన్న వేసంగిలో మా పిల్ల ప్రవల్లికని పెద్ద బడిలో ఎయ్యడానికి తమరే సిపారసుకొచ్చేరు. పెద్ద మేడమ్ గారితో ఇంగిలీసులో ఏదో సెప్పి నవ్వేరు. ఆవిడా నవ్వేరు. నా గురించి మంచి మాట సెప్పేరనుకుని నేనూ నవ్వేను బాబూ. మా గుంట నవ్వలేదు. ఇంటికొచ్చేక అడిగితే సెప్పింది. 'దీజ్ పీపుల్ నో స్టాండర్డ్, బట్ హార్మ్‌లెస్' అన్నారట. కుక్కని సూపించి, కరవదు లెండి అని సెప్తారు కదా, అలాగన్నమాట అంది."

చిన్నమ్మి చేట ఆపేసింది. చంద్రమోహన్‌కి ఆ రోజు గుర్తుకి రాలేదు. ఎంత వెతికినా రాలేదు. సిఫారసు చేసినట్టు గుర్తుంది, సత్తిబాబు చేతులు జోడించినట్టు గుర్తుంది. మధ్యలో తనేమన్నాడో మాత్రం లేదు. అనేవాడికి గుర్తుండదేమో, అందుకే అంత తేలిగ్గా అంటాడేమో అనుకున్నాడు. అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. "తప్పయిపోయింది సత్తిబాబూ. ఒక్కసారి బయటికి రా. దండం పెట్టనీ" అన్నాడు. ఈసారి ఆ మాటలో బస్సు తొందర సగమే ఉంది.

"మాలేసుకున్నోళ్ళు తమరు. నేను రాను బాబూ."

రూపాదేవి చెప్పగా గురుస్వామి కూడా సైకిలు మీద అక్కడికి వచ్చారు. ఇద్దరి మాటా విన్నారు. "ఈ సత్తిబాబు భయపడేది మాల చూసి కదా. ఆయనకీ మాలేస్తే ఇద్దరూ స్వాములే. స్వామి కాళ్ళకి స్వామి దండం పెడితే భయమేటుంది?" అన్నారు.

తలుపు కొంచెం తెరుచుకుంది. "అయిదేళ్ళ బట్టి ఏసుకోవాలనుంది గురుస్వామీ. సీజన్లో బాబు సెలవియ్యరు."

"ఇచ్చేశాను!" అన్నాడు చంద్రమోహన్ లేచి నిలబడి. ఇంత సులువైన దారి దొరుకుతుందని అతను అనుకోలేదు. నల్ల పంచె తనే కొన్నాడు, మాల తనే కొన్నాడు. ఆ సాయంత్రం భజనలో అందరికంటే అతని గొంతే గట్టిగా వినిపించింది.

బుధవారం తెల్లవారి గుడిలో గురుస్వామి సత్తిబాబు మెడలో మాల వేశారు. నియమాలు ఒక్కొక్కటే చెప్పారు. చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం, అబద్ధం ఆడకపోవడం. సత్తిబాబు ప్రతిదానికీ "స్వామి శరణం" అన్నాడు. తర్వాత చంద్రమోహన్ ముందుకొచ్చి, సాష్టాంగపడి, రెండు చేతులతో అతని పాదాలు పట్టుకున్నాడు. సత్తిబాబు ఈసారి గెంతలేదు. కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. చిన్నమ్మి కొంగుతో ముఖం తుడుచుకుంది. రూపాదేవి చేతిలో శుక్రవారం ఇరుముడికని తెచ్చిన కొబ్బరికాయ సిద్ధంగా ఉంది.

"సత్తిబాబు స్వామీ, ఇప్పుడు సెప్పండి. మీ మనసులో ఏటైనా ఉందా?" అని గురుస్వామి అడిగారు.

సత్తిబాబు దేవుడి వైపు చూశాడు, యజమాని వైపు చూశాడు, మెడలో మాల తడుముకున్నాడు.

"మాల లేకపోతే, కాళ్ళట్టుకున్నాక మొహమాటానికి లేదని సెప్పేసుందును గురుస్వామీ. ఇప్పుడు మాలేసేరు. అబద్ధం ఆడకూడదన్నారు."

"అంటే?"

"ఉంది గురుస్వామీ. మా గుంట ముందర అన్న మాట కదా. కాళ్ళు పట్టుకుంటే కొంచెం తగ్గింది. మొత్తం పోలేదు."

గుడిలో గంట కొట్టేవాడు కూడా ఆగిపోయాడు. చంద్రమోహన్ పెదవుల మీదికి ఒక ఇంగ్లీషు మాట వచ్చింది. దాన్ని మింగడం అందరికీ కనిపించింది.

"ఎన్నాళ్ళు పడుతుంది స్వామీ?" అని అడిగాడు, చాలా మర్యాదగా.

సత్తిబాబు నిజంగానే ఆలోచించాడు. "నాకు తెలీదు స్వామీ. నలభై ఒక్క రోజులుంది కదా, సూద్దాం."

రూపాదేవి కొబ్బరికాయ సంచిలో పెట్టేసింది. "నా కోసం మొక్కిన మొక్కు. నాకేం తొందర లేదు" అంది.

శుక్రవారం బస్సు చంద్రమోహన్ లేకుండానే వెళ్ళింది. అతని మాల మెడలోనే ఉంది. రోజూ తెల్లవారి ఇద్దరూ ఒకే నూతి దగ్గర చన్నీళ్ళు పోసుకునేవారు, పగలు ఇద్దరూ ఒకే షామియానాకి చెరో వైపు తాడు కట్టేవారు. రోజుకొకసారి చంద్రమోహన్ ఓరగా సత్తిబాబు ముఖంలోకి చూసేవాడు. సంక్రాంతి ముందు, మకరజ్యోతికి వెళ్ళే బస్సుకి ఒక రోజుందనగా, సత్తిబాబు తాడు ముడి వేస్తూ, "పోనాది స్వామీ" అన్నాడు. గురుస్వామి ఇద్దరికీ పక్కపక్కనే ఇరుముళ్ళు కట్టారు.

ఆ ఏడు చోడవరంలో ఎనభై రోజుల దీక్ష చేసినవాడు చంద్రమోహన్ ఒక్కడే. అంత భక్తి ఎలా కలిగిందని ఎవరైనా అడిగితే, అబద్ధం ఆడకూడదు గనక, "స్వామి శరణం" అని మాత్రం అనేవాడు.